ఒంటి రాజు మిగిలిన ఆట

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. సరదాగా చూసొద్దామని ఈ వరసలో బయల్దేరేవాళ్ళు ఎవరూ ఉండరు. నేను సంచీ సర్దుకుంటుంటే పక్క ఫ్లాటావిడ వచ్చి, "రామప్ప గుడికా?" అని అడిగింది. "కాదండీ, హంగేరీలో ఒక పెద్దాయన పోయారు. భూపాలపల్లిలో ఇంకో పెద్దాయనకి ఆ కబురు చెప్పాలి" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసి, పొయ్యి మీద పాలున్నాయంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ తప్పేం లేదు. నేను చాలా ఏళ్ళు ఒక దినపత్రికలో వారం వారం చదరంగం గురించి రాశాను. మాది భీమవరం, ఉండేది హైదరాబాదు. ఆట మా నాన్న నేర్పారు. బాగా ఆడలేకపోయాను కానీ బాగా ఆడేవాళ్ళ గురించి చదవడం మానలేదు. వాళ్ళందరిలోకీ నాకు ఇష్టమైనవాడు ఆ హంగేరీ గ్రాండ్‌మాస్టర్.

చెప్పులు కుట్టే తండ్రికి పుట్టాడాయన. యుద్ధం రోజుల్లో పైన బాంబులు పడుతుంటే, నేలమాళిగలో కోటు గుండీలనే పావులుగా పెట్టుకుని ఆట నేర్చుకున్నాడు. పాతికేళ్ళు నిండకుండానే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ప్రపంచ కిరీటం కోసం తలపడే అర్హతకి రెండుసార్లు ఒక్క ఆట దూరం దాకా వచ్చి, రెండుసార్లూ ఆ ఒక్క ఆటే ఓడిపోయాడు. ఇంకొకరైతే అక్కడితో మానేసేవారు. ఈయన మానలేదు. అరవై ఏళ్ళకు పైగా ఆడుతూనే ఉన్నాడు. తనని ఓడించినవాళ్ళు ఒక్కొక్కరే పోతుంటే, నాలుగు మాటలు చెప్పమని విలేఖరులు ఈయనకే ఫోన్ చేసేవారు. చివరి రోజుల్లో ఆయనకి అదే పెద్ద పని అయిపోయింది. ఎనభై దాటాక కూడా సొంతూరి క్లబ్బు తరఫున చిట్టచివరి బల్ల దగ్గర కూర్చుని, బడిపిల్లల చేతిలో ఓడిపోయి, లేచి చెయ్యి కలిపి ఇంటికి వెళ్ళేవాడు.

ఆయనకో అలవాటుండేది. ఆట అవగానే రెండు రాజుల్నీ తీసి బల్ల నడుమ పెట్టేవాడు. తెల్లపావులు గెలిస్తే రెండింటినీ తెల్లగడుల్లో, నల్లపావులు గెలిస్తే రెండింటినీ నల్లగడుల్లో, సమానమైతే ఒకటి తెల్లగడిలో, ఒకటి నల్లగడిలో. ఇప్పుడు పెద్ద పోటీల్లో ఇలా పెట్టడం మామూలే. ఆ రోజుల్లో మాత్రం నాకు తెలిసి అది ఆయన పద్ధతి. పాత ఫొటోల్లో ఎన్నోసార్లు చూశాను.

మొన్న చలికాలం మొదట్లో, తొంభై దాటిన వయసులో, ఆయన నిద్రలోనే పోయాడు. నేనొక వ్యాసం రాశాను. అది అచ్చయిన రోజే ఫోన్ వచ్చింది.

"మేడం, నా పేరు సరోజన. భూపాలపల్లి నుంచి మాట్లాడుతున్న. మీరు పేపర్ల రాసిన హంగేరాయనతోని మా బాపు ఆడిండు. సచ్చిపోయిండని బాపుకు ఇంకా చెప్పలే. పేపర్ దాచిపెట్టిన."

సరోజన తండ్రి రాజలింగం బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరయ్యారు. నలభై ఏళ్ళ కిందట ఆ గ్రాండ్‌మాస్టర్ ఒక పోటీకి హైదరాబాదు వచ్చి, ఒక సాయంత్రం పాతికమందికి పైగా మనుషులతో ఒకేసారి ఆడాడట. వాళ్ళలో రాజలింగం ఒకరు. జనగామ సత్తయ్య, కురవి దేవదానం అనే ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని పోయి, ఆట బరాబర్ చేసుకుని వచ్చారట. అంటే గెలుపూ లేదు, ఓటమీ లేదు, చెరి సగం. ఆ రోజు నుంచి గని కార్మికుల కాలనీలో ఆయన పేరు హంగేరి రాజలింగు. కొన్నేళ్ళ తర్వాత ఒక ఇంజనీరు ఆ ఆటంతా విని, అది బరాబర్ కాదు, నువ్వు ఓడిపోయిన ఆట, ఆ దొర జాలిపడి వదిలేసి ఉంటాడు అన్నాడట.

"గప్పటిసంది బాపుకు ఒక్కటే రంది మేడం. జాలిపడి ఇచ్చింది నాకొద్దు, వాపస్ ఇయ్యాలె, నేను ఓడిపోయిన అని గాయనకు చెప్పియ్యాలె అంటడు. గిప్పుడు ఊపిరి అందుతలేదు, ఎన్ని దినాలుంటడో తెల్వది. మీరొచ్చి ఒక్కమాట చెప్పుర్రి. గాయనకు కబురు పంపిన, సరే అన్నడు అని. పానం సల్లవడతది."

వస్తానన్నాను. ఆ మాట చెబుతానని మాత్రం అనలేదు. అబద్ధం చెప్పాలన్నా ముందు నిజమేంటో తెలియాలి కదా. అందుకే తిన్నగా భూపాలపల్లి వెళ్ళకుండా, దారిలో మిగతా ఇద్దరినీ కలుద్దామనుకున్నాను.

జనగామ

పొద్దున రైలు దిగేసరికి అవతలి ప్లాట్‌ఫాం మీద హైదరాబాదు వెళ్ళేవాళ్ళు టిఫిన్ డబ్బాలతో కిక్కిరిసి ఉన్నారు. మేము దిగినవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. స్టేషన్ బయట చాయ్ పది రూపాయలు. తాగే గ్లాసు చూస్తే రెండు గుటకలు. మా భీమవరంలో ఇంత చిన్న గ్లాసుతో టీ ఇస్తే గొడవైపోతుంది. ఇక్కడ అందరూ దాన్నే నలుగురితో కబుర్లు చెప్పుకుంటూ అరగంట తాగుతున్నారు.

సత్తయ్య పత్తి మార్కెట్‌లో కాంటా వేసేవాడని సరోజన ఫోన్లో మాటవరసకి అంది; దారిలో దిగుతానని నేను ఆమెకి చెప్పలేదు. ఇల్లు మార్కెట్ వెనక వీధిలోనే. దారిపొడవునా వడ్లు ఆరబోశారు. ఒక ఆటోకి తప్పుకోబోయి నేను తిన్నగా వడ్లలో కాలేశాను. కర్రతో నెరుపుతున్న ముసలావిడ, "అవ్వా, అన్నం తొక్కుతున్నవు" అంది, కోపం లేకుండానే. వంగి ఆ గింజల్ని చేత్తో సర్దాను. ఆవిడ నవ్వి సత్తయ్య ఇల్లు తనే చూపించింది.

తలుపు తీసింది సత్తయ్య కోడలు లలిత. నేనెవరో చెప్పగానే ఆమె ముఖం చిన్నబోయింది.

"మామ పోయి నాలుగు నెలలాయె మేడం. గుండె నొప్పి. దవాఖానకు తీస్కపోయెటాల్లకే అయిపోయింది."

ఒక చావు కబురు మోసుకుంటూ బయల్దేరిన మనిషికి మొదటి మజిలీలోనే ఇంకొకటి ఎదురైంది. భూపాలపల్లికి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"రాజలింగం మామ మా మామకు పానమసొంటి దోస్తు. గాయనకు చెప్తే తట్టుకోడని సరోజనక్కనే వద్దన్నది. నెలకొక్కసారి ఫోన్ చేస్తడు. పొలంకాడికి పోయిండని చెప్తున్నం."

చెబుతూనే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వద్దన్నా వినకుండా జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పచ్చిపులుసు మా వైపు లేదు. చింతపండు పులుసుని పొయ్యి మీద పెట్టకుండా అలాగే తాగడమేమిటని ఇన్నాళ్ళూ వెక్కిరించిన నోటితోనే రెండోసారి పోయించుకున్నాను.

తిన్నాక లలిత నన్ను మార్కెట్‌కి తీసుకెళ్ళింది. మామ కూర్చునే చోటు చూపిస్తానంది. పత్తి బస్తాల నీడలో సిమెంటు గచ్చు మీద బొగ్గుతో గీసిన చదరంగం బల్ల ఉంది. పావులు సీసా మూతలు, రాళ్ళు. ఇద్దరు హమాలీలు ఆడుతున్నారు, తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన చూస్తున్నాడు. కాసేపు నేనూ నిలబడ్డాను. ఒకడికి రాజూ ఒక్క బంటూ మిగిలాయి. అవతలివాడికి ఇంకా బలగం ఉంది. వాడు ఆ బంటుని తేలిగ్గా తినేయొచ్చు. తినకుండా చుట్టూ తిప్పుతున్నాడు.

"తినడేం?" అని అడిగాను.

తలపాగా పెద్దాయన నన్ను వింతగా చూశాడు. "తింటె ఎట్ల? ఒంటి రాజైతడు గదా. ఒంటి రాజును కొట్టొద్దు. ఆట బరాబర్ అయితది. గెలిచే ఆట చేజేతులా పోగొట్టుకుంటడా?"

అప్పుడు అర్థమైంది. మా నాన్న పుస్తకం దగ్గర పెట్టుకుని నేర్పిన ఆటలో ఈ సూత్రం లేదు. పాత పద్ధతిని ఆయన నాటు ఆట అని తీసిపారేసేవారు. పుస్తకం ఆటలో రాజు ఒంటరివాడైతే ఇంకా తేలిగ్గా తరిమి చంపుతారు. ఇక్కడ ఒంటరివాణ్ణి వదిలేస్తారు. ఇంత చదివిన నాకు ఈ సంగతి అరవై ఏళ్ళు దాటాక జనగామ మార్కెట్‌లో తెలిసింది.

కురవి

మహబూబాబాద్‌ని ఇక్కడివాళ్ళు మానుకోట అంటారు. రైలు దిగి స్టాండుకి నడిచి కురవి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపించగానే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్ళకి ఊరికే. పక్క సీటు మగాయన, "మాకు గూడ చీరలు కట్టుకుంటె ఇస్తరా?" అని అడిగితే బస్సంతా నవ్వింది. దారికి రెండు వైపులా మిరపకాయలు ఆరబెట్టారు. చేలన్నీ ఎర్రగా ఉన్నాయి, కిటికీ తెరిస్తే తుమ్ములు.

కురవిలో వీరభద్రస్వామి దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి నా చెప్పులు లేవు. నిరుడు కొన్న మంచి తోలు చెప్పులు. పూలమ్మే ఆవిడ నాకన్నా ఎక్కువ బాధపడిపోయి, దేవుడి దగ్గర చెప్పులు పోతే పీడ పోయినట్టే అని ఊరడించింది. ఆ పీడ కాళ్ళకి గుచ్చుకుంటుండగా దేవదానం గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను.

గుడి వెనక రెండు వీధుల అవతల చిన్న చర్చి, దాని పక్కనే ఇల్లు. దేవదానం గారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. షుగరు వల్ల చూపు దాదాపు పోయింది. గొంతు వినగానే నేను ఆ ప్రాంతం దాన్ని కానని పట్టేశారు.

"ఆంధ్రామె గదా? మా మాటలను సినిమాలల్ల పెట్టి మస్తు నవ్విన్రు మీరు. కూసో బిడ్డా, కాళ్ళకు చెప్పులు లేనట్టున్నయి. అడుగుల చప్పుడు తెలుస్తలేదు."

నేను మాట్లాడే లోపలే లోపలికి కేకేసి తన రబ్బరు చెప్పులు తెప్పించి నా ముందు పెట్టించారు. నా కాళ్ళకి బెత్తెడు పొడుగు ఎక్కువ. వాటితోనే ఇంటికి తిరిగొచ్చాను. ఇప్పటికీ నా గుమ్మంలోనే ఉన్నాయి.

సత్తయ్య సంగతి ఆయనకి తెలుసు. హంగేరీ ఆయన పోయిన సంగతి నేనే చెప్పాను. కాసేపు చేతులు జోడించుకుని ఏదో గొణుక్కున్నారు. ప్రార్థన అనుకుంటాను. తర్వాత ఆ రోజు సంగతి చెప్పారు.

"పాసింజర్ బండెక్కి పోయినం ముగ్గురం. ఆడెటోడు రాజలింగొక్కడే. మేము చూసెటందుకు. పెద్ద హాలు. బల్లలన్నీ గుండ్రంగ పెట్టిన్రు. గాయన నడిమిట్ల తిరుక్కుంట ఒక్కొక్క బల్లకాడ ఒక్కొక్క ఎత్తు వేస్తుండు. ఎంత సేపాయెనో. బల్లలన్నీ ఖాళీ అయినై. మావాడే మిగిలిండు. వానికి రాజు, ఒక్క బంటు. తెల్లపావులు గాయనయి, రాజు, ఏనుగు మిగిలినయి."

"అప్పుడు?"

"అప్పుడు మావాడు కావాలనే బంటును ఏనుగు ముంగట పెట్టిండు. హాలంత నవ్విన్రు, పిచ్చోడనుకున్నరు. నేను, సత్తిగాడు మాత్రం ఊపిరి బిగపట్టినం. మా లెక్కల గది మస్తు ఎత్తు బిడ్డా. అవతలోడు తింటె బరాబర్, తినకుంటె బంటు బతుకుతది. హంగేరాయన తిన్నడు. మావాడు లేసి నిలబడి చెయ్యి చాపిండు. గాయన చెయ్యి పట్టుకుండు. లెక్క రాసెటాయన వచ్చి ఏమైందని అడిగితే బరాబర్ అన్నడు మావాడు. రాసుకున్నరు, గాయనకు మన మాట తెల్వదాయె. గంతే."

చెయ్యి చాపడం! పుస్తకం ఆటలో ఓడిపోతున్నవాడు లేచి చెయ్యి చాపితే, నేను ఓడిపోయాను అని ఒప్పుకున్నట్టే. ఆ గ్రాండ్‌మాస్టర్ ఆ చేతిని ఏమనుకుని పట్టుకున్నాడు? జాలిపడ్డాడా, లేక అందరిలాగే ఇతనూ ఓటమి ఒప్పుకున్నాడనుకున్నాడా?

"ఆయన వెళ్ళేముందు రాజుల్ని బల్ల మధ్యలో పెట్టారా?" అని అడిగాను.

దేవదానం గారు ఉలిక్కిపడ్డారు. "నీకెట్ల ఎరుక? ఔ, పెట్టిండు. ఇద్దరు రాజులను నడిమిట్ల పెట్టి పోయిండు. బరాబర్ అన్నందుకు అట్ల పెట్టిండని మేము మస్తు సంబురపడ్డం."

"ఏ గడుల్లో?"

"నాకేడ గుర్తుంటది బిడ్డా. గది రాజలింగుకే ఎరుక. వానికి గా బల్ల మొత్తం కండ్లల్లనే ఉంటది."

ఆయనకి ఏమని చెప్పాలి అని అడిగాను. సరోజన చెప్పమన్న మాట కూడా చెప్పాను. చూపులేని కళ్ళు గుడి వైపు తిప్పారు.

"అబద్ధం చెప్పకు. తనకు రానిదాన్ని తనదన్నట్టు బతికిన అనే గదా వాడు ఏడుస్తుండు. దాని మీద ఇంకోటి పెడితె ఏం సల్లవడతది? సత్తిగాని ముచ్చట అడిగితే గూడ దాచకు. మేము దాస్తున్నం గాని, మంచిగ అనిపిస్తలేదు."

భూపాలపల్లి దారిలో

మర్నాడు నర్సంపేటలో ఒక బస్సు, ములుగులో ఇంకో బస్సు మారాను. ములుగు స్టాండులో మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు తిన్నాను, నాలుగింటికి ముప్పై రూపాయలు. బస్సులో పక్కన కూర్చున్న నడివయసామె కూతురి కాన్పుకి వెళుతోంది, సంచీలో నెయ్యి సీసా. నేనెందుకు వెళుతున్నానో చెబితే, "చావు కబురు ఎప్పుడు గూడ తిన్నంక చెప్పాలె మేడం. ఖాళీ కడుపు మీద చెప్పొద్దు" అంది. మా వైపు కూడా ఇలాగే అంటారు.

అడవి దాటాక దూరాన మట్టిగుట్టలు కనిపించాయి. మొదట కొండలే అనుకున్నాను. బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి అని కండక్టర్ చెప్పాడు. వాటి మీద అప్పుడే తుమ్మచెట్లు కూడా మొలిచాయి. దారంతా నేను ఒక్కటే అనుకుంటూ వచ్చాను. రెండు రాజులు వేరు వేరు రంగు గడుల్లో ఉంటే ఆ హంగేరీ ఆయన తెలిసే వదిలేశాడు. అప్పుడు రాజలింగం గారి బరువు నిజమైన బరువే, దాన్ని దించుకోవడానికి అవతలివాడు లేడు. రెండూ తెల్లగడుల్లో ఉంటే ఆ బరువు అసలు లేనేలేదు, కానీ ఆ బరాబర్ కూడా లేదు. ఏది మంచిదో నాకు తేలలేదు.

భూపాలపల్లి

కాలనీ చివర రెండు గదుల ఇల్లు. సరోజన గేటు దగ్గరే నిలబడి ఉంది. అంగన్‌వాడీలో పనిచేస్తుంది. హంగేరీకి కబురు పంపే పేపరావిడ వస్తుందని తండ్రికి ముందే చెప్పి ఉంచింది. నా చెయ్యి పట్టుకుని, "నేను చెప్పిన మాట చెప్తరు గదా మేడం?" అని మెల్లగా అడిగింది. "చూద్దామమ్మా" అన్నాను. ఆమెకి నచ్చలేదు.

రాజలింగం గారు కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. పక్కన ఆక్సిజన్ సిలిండర్. గూడలు రెండూ పైకొచ్చి, మెడ లోపలికి పోయింది. ఒక్క మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి తీసుకోవాలి. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఆ కళ్ళు తిన్నగా నా కాళ్ళ మీద పడ్డాయి.

"గవి మొగోళ్ళ చెప్పులు గదా బిడ్డా."

కురవిలో నా చెప్పులు పోయిన సంగతి చెప్పాను. ఆయన నవ్వబోతే దగ్గొచ్చింది. "దేవదానం చెప్పులా! వాని పాదాలు పెద్దయే. మంచిగున్నడా?"

"బాగున్నారు. మిమ్మల్ని తలుచుకున్నారు."

"సత్తిగాడు?"

సరోజన నా వెనక నిలబడి ఉంది. నేను జవాబు చెప్పకుండా, ముందు ఆట సంగతి మాట్లాడదామండీ అన్నాను. పిరికితనమే. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, సరే అన్నట్టు తలూపారు.

సరోజన బల్ల తెచ్చి మంచం మీద పెట్టింది. చెక్క పావులు, అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఆయన తెల్ల రాజునీ తెల్ల ఏనుగునీ నల్ల రాజునీ వాటి వాటి చోట పెట్టారు. మిగతావి పక్కకి నెట్టేశారు.

"గిదీ ఆట. నా బంటు గీడ ఉండె. గాయన తిన్నడు. నేను లేసి చెయ్యిచ్చిన. మా లెక్కల బరాబర్. గాయన లెక్కల నేను ఓడిపోయినట్టు. అంత పెద్దమనిషికి తెల్వదా? తెలిసే ఊకున్నడు. పిచ్చి నా కొడుకు బొగ్గు బాయిల పనిచేస్తడు, పోనీ అనుకున్నడు. నేనేమో ఊరంత చెప్పుకున్న. దండలేసుకున్న." ఊపిరి కోసం ఆగారు. "కబురు పంపినవా బిడ్డా? ఏమన్నడు?"

"ఒక్కటి అడుగుతాను. వెళ్ళేముందు ఆయన రాజుల్ని ఎక్కడ పెట్టారు?"

ఆయన ఆలోచించలేదు. రెండు రాజుల్నీ తీసి బల్ల నడుమ పెట్టారు, నడిమి నాలుగు గడుల్లో ఐమూలగా. "ఇగో, గిట్ల. ఇద్దరు రాజులు సమానం అన్నట్టు."

రెండూ తెల్లగడులే.

సరోజన అడిగిన మాట నా నాలుక చివరే ఉంది, అది చెప్పడం చాలా తేలిక. దేవదానం గారి మాటా చెవిలో ఉంది. ఇక్కడికి రాకుండా ఉంటే బాగుండేదని గట్టిగా అనిపించింది. చివరికి చెప్పేశాను. ఆయన పద్ధతి ఏమిటో, తెల్లగడుల అర్థమేమిటో, చెయ్యి చాపితే వాళ్ళ దేశంలో ఏమనుకుంటారో, అన్నీ.

"మీ మీద ఆయన జాలిపడలేదండీ. మీరు ఓడిపోయానని ఒప్పుకున్నారనే అనుకున్నారు. తను గెలిచానని గుర్తు పెట్టి మరీ వెళ్ళారు. మీరు వాపస్ ఇవ్వాల్సింది ఏమీ లేదు. అది ఆ రోజే ఆయన దగ్గరికి వెళ్ళిపోయింది."

సరోజన నన్ను చూస్తున్న చూపు నేను తట్టుకోలేకపోయాను.

"అంటె," అన్నారాయన, "దానం చెయ్యలే."

"లేదు."

"నా తోని ఆడిండు, గెలిచిండు, పోయిండు."

"అవును."

"గిన్నేండ్ల సంది నేనే ఊకె మోస్తున్న." నవ్వారు. నవ్వుతూనే కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. "మరి బరాబర్ గూడ లేదన్నట్టే గదా బిడ్డా. హంగేరి రాజలింగు ఎవడు లేడు."

అదొక్కటే ఆయన జీవితంలో నలుగురూ చెప్పుకున్న సంగతి. దాన్ని నా చేత్తో నేనే తీసేశాను. నాకు ఏడుపొచ్చింది.

సరోజన చాయ్ తెచ్చింది. ఆయన రెండు గుటకలు తాగారు. తిన్నాకే చెప్పాలని బస్సులో నెయ్యి సీసా ఆమె అన్న మాట నాకు గుర్తొచ్చింది. చాయ్ తిండి కిందికి వస్తుందో రాదో నాకు తెలియదు.

"ఇప్పుడెట్లున్నడు గాయన?" అని అడిగారు. "ఇంక ఆడుతుండా?"

"చివరిదాకా ఆడారు. చలికాలం మొదట్లో పోయారండీ. నిద్రలోనే."

సరోజన "మేడం!" అంది. ఆయన చెయ్యెత్తి కూతుర్ని ఆపారు. తర్వాత నన్నే చూస్తూ ఉన్నారు. సత్తయ్య గురించి ఇందాక నేను దాటేసిన ప్రశ్నే ఆ చూపులో ఉంది. ఈసారి తల వంచుకున్నాను. అంతకంటే చెప్పాల్సిన అవసరం రాలేదు.

"ఎప్పుడు?"

"నాలుగు నెలలైందిట."

"పొలంకాడికి పోయిండు అంటున్నరు ప్రతిసారి," అన్నారాయన మెల్లగా. "సత్తిగానికి పొలమెక్కడిది? నాకు అప్పుడే అనుమానం వచ్చె. అడగబుద్ధి గాలే."

సరోజన మంచం పట్టె మీద కూర్చుని తండ్రి మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన ఆమె జుట్టు నిమురుతూ బల్ల వంక చూస్తున్నారు. తెల్ల ఏనుగుని తీసి డబ్బాలో వేశారు. రెండు రాజులూ మిగిలాయి. తర్వాత తెల్ల రాజుని కూడా తీయబోయి, ఆగిపోయారు.

"ఒంటి రాజును కొట్టొద్దంటరు మా దిక్కు. ఎందుకో ఇయ్యాల సమజైతుంది. కొట్టుడు ఎందుకు, అందరు పోయినంక వాడు ఊకెనే తిరుగుతడు గడులల్ల." ఊపిరి తీసుకున్నారు. "బిడ్డా, నాకో పని చేస్తవా?"

"చెప్పండి."

"గప్పుడు నేను బరాబర్ అనుకుని చెయ్యి ఇచ్చిన. గాయన గెలిచిన అనుకుని పట్టుకుండు. ఇద్దరం తప్పే. గాయన తరఫున నువ్వు పట్టుకో. ఇప్పుడు ఎరుకయ్యి ఇస్తున్న. నేను ఓడిపోయిన."

చెయ్యి చాపారు. గోళ్ళ సందుల్లో రిటైరై ఇన్నేళ్ళయినా పోని నల్లటి గీతలున్నాయి. నేనెవరిని, ఆ పెద్దాయన తరఫున అందుకోవడానికి? అయినా లేచి నిలబడి, రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆ హంగేరీ ఆయన కూడా ఎప్పుడూ లేచి నిలబడే చెయ్యి కలిపేవాడు.

నేను చాలా ఆటలు చూశాను. ఓడిపోయినవాళ్ళు చెయ్యి త్వరగా లాక్కుంటారు. రాజలింగం గారు నా చెయ్యి వదల్లేదు. సరోజన లేచి చల్లారిపోయిన చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది, మళ్ళీ వేడి చేసి తెచ్చింది, అప్పటికీ వదల్లేదు.